వీసీవీ ర్యాక్ తెరిచారు, ఇప్పుడేం చేయాలి? శ్రుతితో మొదలుపెట్టండి

ఆషాఢంలో ముహూర్తాలుండవు. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించేవాళ్ళకి నాలుగు రోజులు ఖాళీ దొరికేది అప్పుడే. కంపెనీవాడు ఇచ్చిన టోన్లే ఏళ్ళ తరబడి వాయించి విసుగొచ్చిందా? ఈ టోను లోపల అసలేం జరుగుతోందని ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? అయితే ఆ ఖాళీలో మాడ్యులర్ సింథసైజర్ ముట్టుకుని చూడండి. డబ్బు ఖర్చు లేదు. ఒక మామూలు ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు.

మామూలు కీబోర్డులో శబ్దం పుట్టించే భాగం, దాన్ని వడకట్టే భాగం, పెంచి తగ్గించే భాగం అన్నీ ఒకే డబ్బాలో లోపలే కలిపేసి ఉంటాయి. మాడ్యులర్‌లో ఒక్కో పనికి ఒక్కో డబ్బా, దాన్నే మాడ్యూల్ అంటారు. వాటిని కేబుళ్ళతో కలుపుకోవడం మన పని. జర్మనీలో డీటర్ డోప్‌ఫర్ 1995 ప్రాంతంలో మొదలుపెట్టిన యూరోర్యాక్ కొలతల్లో ఇప్పుడు ప్రపంచమంతా ఈ డబ్బాలు తయారవుతున్నాయి. నిజం డబ్బాలు కొనాలంటే మాత్రం ఒక్కోదానికి వేలల్లో అవుతుంది, పది కొంటే ఎకరం కౌలు డబ్బు దాటిపోతుంది. వీసీవీ ర్యాక్ అనే సాఫ్ట్‌వేర్ అదే పద్ధతిని కంప్యూటర్ తెర మీదికి తెచ్చింది. 2017లో మొదటిసారి వచ్చింది, రెండో వెర్షన్ 2021లో వచ్చింది. ఉచితంగా దొరికే ఎడిషన్ విడిగా నడుస్తుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా వాడుకోవాలంటే ప్రో ఎడిషన్ కొనాలి. మొదట్లో దాని అవసరం లేదు.

వీసీవీ సైటు నుంచి మీ కంప్యూటర్‌కి సరిపడేది దించుకుని ఇన్‌స్టాల్ చేయండి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటికీ ఉంది. ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా నడుస్తుంది. వీసీవీ వాళ్ళ ఆన్‌లైన్ లైబ్రరీలో అకౌంట్ తెరిస్తే వేల మాడ్యూళ్ళు దొరుకుతాయి, కానీ ఇప్పుడు వాటి జోలికి వెళ్ళకండి. సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఫండమెంటల్ అనే సెట్టు చాలు. మొదటి రోజే వంద మాడ్యూళ్ళు దించుకున్నవాళ్ళకి ఒక్కటీ సరిగా రాదు.

ముందు శబ్దం రావాలి

మొదటిసారి తెరవగానే కొన్ని మాడ్యూళ్ళు ముందే కలిపి పెట్టి ఉంటాయి. అన్ని నాబ్‌లు, అన్ని చిల్లులు, అడ్డంగా వేలాడే రంగురంగుల కేబుళ్ళు చూసి చాలామంది అక్కడే మూసేస్తారు. ఆ నాబ్‌లన్నీ ఇప్పుడు తెలియక్కర్లేదు. రెండు మాడ్యూళ్ళే వెతకండి.

ఒకటి ఆడియో అని పేరున్నది. శబ్దం బయటికి వెళ్ళే దారి అదొక్కటే. దాని మీదున్న చిన్న నల్ల తెరపై క్లిక్ చేసి డ్రైవర్, ఆ తర్వాత మీ స్పీకరో హెడ్‌ఫోనో ఉన్న డివైస్ ఎంచుకోండి. అక్కడే శాంపిల్ రేటు, బ్లాక్ సైజు కూడా కనిపిస్తాయి. 48,000 శాంపిల్ రేటు, 256 బ్లాక్ సైజు అంటే శబ్దం దాదాపు 5 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. చెవికి తెలియదు. శబ్దం చిటపటలాడుతుంటే 512కో 1024కో పెంచండి. 1024 దగ్గర ఆలస్యం 21 మిల్లీసెకన్లు దాటుతుంది. శ్రుతి పెట్టుకోవడానికి అది సమస్య కాదు, వేళ్ళతో వాయించేటప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది.

రెండోది మిడి టు సీవీ, మీరు ఏ మెట్టు నొక్కారో ర్యాక్‌కి చెప్పేది. యూఎస్‌బీ కీబోర్డు ఉంటే దీని తెర మీద ఎంచుకోండి. లేకపోతే డ్రైవర్లలో కంప్యూటర్ కీబోర్డు అని ఉంటుంది, అది పెట్టండి. ఇప్పుడు కింది వరసలో జెడ్ నుంచి ఎమ్ వరకు వరసగా నొక్కండి. స రి గ మ ప ద ని, శంకరాభరణం వినిపిస్తుంది. పక్కనున్న కామా నొక్కితే పై స. నల్ల మెట్లు పై వరసలో ఎస్, డి, జి, హెచ్, జె దగ్గరున్నాయి.

వాల్యూమ్ తక్కువలో పెట్టి మొదలుపెట్టండి, ముఖ్యంగా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నప్పుడు. ఇక్కడ ఒక్క నాబ్ పొరపాటున తిప్పినా చెవి గుయ్యిమంటుంది.

చేతికి అలవాటు కావాల్సినవి

ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే మాడ్యూళ్ళ జాబితా బొమ్మలతో సహా తెరుచుకుంటుంది. పేరు టైప్ చేసి వెతకండి, క్లిక్ చేయండి, ర్యాక్‌లో కూర్చుంటుంది. నాబ్ లేని ఖాళీ భాగం పట్టుకుని లాగితే మాడ్యూల్ జరుగుతుంది. కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే జూమ్. మాడ్యూల్ మీద మౌస్ ఉంచి డిలీట్ నొక్కితే పోతుంది. కంట్రోల్ జెడ్ కొడితే తిరిగొస్తుంది, దాంతో పాటు కేబుళ్ళు కూడా. కాబట్టి ఏదైనా పీకి చూడ్డానికి భయపడక్కర్లేదు.

నాబ్‌ల విషయంలో మాత్రం నాలుగు చిట్కాలు కచ్చితంగా గుర్తుంచుకోండి, పనిలో సగం వాటితోనే. మౌస్‌తో నాబ్ పట్టుకుని పైకి లాగితే పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. గుండ్రంగా తిప్పాలని చూడకండి. కంట్రోల్ నొక్కి ఉంచి లాగితే చాలా నెమ్మదిగా కదులుతుంది, శ్రుతి చేసేటప్పుడు ఇదే దిక్కు. డబుల్ క్లిక్ చేస్తే మొదట ఉన్న విలువకి వచ్చేస్తుంది. రైట్ క్లిక్ చేస్తే ఒక పెట్టె వస్తుంది, కావలసిన అంకె అందులో నేరుగా టైప్ చేసి ఎంటర్ కొట్టొచ్చు. చివరిదాన్ని మనం ఇవాళ బాగా వాడతాం.

ఇక చిల్లులు. వీటిని పోర్టులంటారు. ముదురు రంగు పట్టీ మీద ఉన్నవి బయటికి ఇచ్చేవి, మిగతావి లోపలికి తీసుకునేవి. ఒకదాన్నుంచి లాగి ఇంకోదాంట్లో వదిలితే కేబుల్ పడుతుంది. కేబుల్ తీసేయాలంటే ఒక కొస పట్టుకుని ఖాళీ చోట వదిలేయండి. అప్పటికే కేబుల్ ఉన్న అవుట్ నుంచి ఇంకొకటి లాగాలంటే కంట్రోల్ నొక్కి లాగండి. నొక్కకుండా లాగితే పాత కేబులే ఊడి చేతికొస్తుంది. కేబుళ్ళు అడ్డొచ్చి కింద ఉన్నవి కనపడకపోతే పైన వ్యూ మెనూలో కేబుళ్ళ ముదురుతనం తగ్గించుకోండి. సగానికి తగ్గించి ఉంచుకోవడమే మంచిది.

నీరు ఏది, లస్కరు చేయి ఏది

డెల్టాలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి తేలిగ్గా ఎక్కుతుంది. కాలువలో నీరు పారుతుంది. లాకుల దగ్గర లస్కరు చక్రం తిప్పితే తలుపు లేస్తుంది, దిగుతుంది. పొలానికి చేరేది నీరే, లస్కరు చేయి కాదు. కానీ ఎప్పుడు చేరాలో, ఎంత చేరాలో ఆ చేతిలో ఉంది. ర్యాక్‌లో కేబుళ్ళు కూడా ఈ రెండు రకాలే. కొన్ని వినపడే శబ్దాన్ని మోస్తాయి. మిగతావి ఏదో ఒక నాబ్‌ని మన బదులు తిప్పుతుంటాయి, వాటిని కంట్రోల్ వోల్టేజ్ అంటారు, పొట్టిగా సీవీ.

ఇలా కేబుళ్ళతో కలిపిన అమరికని ప్యాచ్ అంటారు. తెరిచినప్పుడు ఉన్న ఆ ప్యాచ్‌నే ఈ కంటితో చూడండి. వీసీఓ దగ్గర శబ్దం పుడుతుంది, వీసీఎఫ్‌లో వడపోత పడుతుంది, వీసీఏ మిక్స్‌లో ఎంత వెళ్ళాలో తేలుతుంది, ఆడియోలోకి పోతుంది. ఇది నీటి దారి. మిడి టు సీవీ నుంచి వీసీఓకి వెళ్ళే కేబుల్ ఏ స్వరమో చెబుతుంది. ఏడీఎస్‌ఆర్ నుంచి వచ్చేది శబ్దం ఎలా లేచి ఎలా తగ్గాలో చెబుతుంది. ఈ రెండూ లస్కర్లు. ప్రతి కేబుల్ దగ్గరా ఆగి ఇది ఏ రకమని అడుక్కుంటే ఎంత పెద్ద ప్యాచైనా చదవగలరు. అనుమానం వస్తే పోర్టు మీద మౌస్ ఉంచండి, దాని పేరు, అందులో ఇప్పుడున్న వోల్టేజ్ కనిపిస్తాయి.

సాఫ్ట్‌వేర్ మాత్రం మిమ్మల్ని దేనికీ అడ్డుకోదు. శబ్దాన్ని తెచ్చి కంట్రోల్ పోర్టులో పెట్టినా ఊరుకుంటుంది. దాంతో ఏదీ కాలిపోదు, పాడవదు. గంట మోగినట్టు వింత శబ్దాలు చాలావరకు అలాగే పుడతాయి.

మొదటి ప్యాచ్: శ్రుతి

ఆడియో, వీసీఎఫ్, వీసీఏ మిక్స్, వోల్టేజ్‌ని గీతగా చూపించే స్కోప్ ఉంచి మిగతావన్నీ తీసేయండి. ఉంచినవాటిలో పాత కేబుళ్ళేమైనా మిగిలితే అవీ పీకేయండి. ఇప్పుడు మూడు వీసీఓలు తెచ్చి పక్కపక్కన పెట్టండి.

ఒకటో శ్రుతి, అంటే సీ, పెట్టుకుందాం. మొదటి వీసీఓ ఫ్రీక్వెన్సీ నాబ్ మీద రైట్ క్లిక్ చేసి 130.81 టైప్ చేయండి. అది మంద్ర స. రెండోదాంట్లో 196.22, అది ప. మూడోదాంట్లో 261.62, పై స. ఒకటిన్నర శ్రుతి కావాలంటే ఇవే 138.59, 207.89, 277.18 అవుతాయి.

ప్రతి వీసీఓకీ సైన్, ట్రయాంగిల్, సా, స్క్వేర్ అని నాలుగు అవుట్లుంటాయి. సా తీసుకోండి. విడిగా వింటే కాస్త గరగరలాడుతుంది కానీ ఉపస్వరాలన్నీ అందులోనే ఉంటాయి, వడపోయడానికి సరుకు ఉండాలి కదా. మూడు సా అవుట్లని వీసీఏ మిక్స్‌లో మొదటి మూడు ఇన్లలో పెట్టండి. మిక్స్ అవుట్ నుంచి వీసీఎఫ్ ఇన్‌కి ఒక కేబుల్. వీసీఎఫ్‌లో ఎల్‌పీఎఫ్ అని ఉన్న అవుట్ నుంచి ఆడియోలో ఎడమ ఇన్‌కి ఒకటి. మూడు శబ్దాలు కలిస్తే జోరు ఎక్కువై పగులుతుంది, అందుకని మిక్సర్లో స్లైడర్లు సగానికి దించండి. వీసీఎఫ్ పెద్ద నాబ్‌ని వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంచి అటూ ఇటూ జరపండి. గరగర పోయి శ్రుతిపెట్టె లాంటి నిండైన శబ్దం వచ్చే చోటు చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు పైన చెప్పిన 196.22 తీసేసి 196.00 పెట్టి వినండి. కీబోర్డు మీద ప మెట్టు ఇచ్చేది ఇదే. శబ్దం నెమ్మదిగా ఊగుతుంది, రెండు సెకన్లకి కాస్త ఎక్కువగా ఒక్కో ఊపు. స మూడో ఉపస్వరం 392.43 దగ్గరుంది, ప రెండో ఉపస్వరం 392.00 దగ్గరుంది, ఆ అర హెర్ట్జ్‌కి కాస్త తక్కువ తేడాయే ఊపుగా వినిపిస్తోంది. మళ్ళీ 196.22 కొట్టండి. నిలబడిపోతుంది. స కి సరిగ్గా ఒకటిన్నర రెట్లు ఉన్న ప అది. తంబుర శ్రుతి చేసేవాళ్ళు బిరడా తిప్పుతూ వెతికే చోటు ఇదే. సన్నాయి వాళ్ళో, పాడేవాళ్ళో కీబోర్డు శ్రుతి మీద మొహం చిట్లించారంటే కారణాల్లో ఇదొకటి. దీనికోసమైనా ఈ ప్యాచ్ కట్టుకోవచ్చు.

తంబుర తీగలో ఉండే జీవం మాత్రం దీంట్లో ఆశించకండి. అది వంతెన మీద తీగ రాసుకుని పుట్టేది, మూడు వీసీఓలతో రాదు.

రెండో ప్యాచ్: అంతర్వేది హోరు

సేవ్ చేసుకుని, శ్రుతిని అలాగే ఉంచి, కింద వరసలో కొత్తగా నాయిస్, ఇంకో వీసీఎఫ్, ఎల్‌ఎఫ్‌ఓ తెచ్చుకోండి. నాయిస్‌లో పింక్ అవుట్‌ని వీసీఎఫ్ ఇన్‌లో పెట్టండి. దాని ఎల్‌పీఎఫ్ అవుట్‌ని ఆడియో కుడి ఇన్‌లో పెట్టండి. ఒక చెవిలో శ్రుతి, ఒక చెవిలో జోరు వాన లాంటి చప్పుడు వస్తాయి. శ్రుతి వినసొంపుగా లేకపోతే దాని స్లైడర్లు కాసేపు పూర్తిగా దించేయండి.

ఎల్‌ఎఫ్‌ఓ కూడా వీసీఓ లాంటిదే, కాకపోతే చెవికి అందనంత నెమ్మది. దాని ఫ్రీక్వెన్సీ 0.1 అని టైప్ చేయండి, పది సెకన్లకి ఒక ఊపు. దాని సైన్ అవుట్‌ని వీసీఎఫ్‌లో కటాఫ్ సీవీ ఇన్‌లో పెట్టండి.

ఏమీ మారలేదు కదా? కొత్తవాళ్ళందరికీ టెన్షన్ వచ్చేది ఇక్కడే. కేబుల్ పడింది, దీపాలు వెలుగుతున్నాయి, శబ్దం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కటాఫ్ పెద్ద నాబ్‌తో పాటు ఆ సీవీకి సంబంధించిన ఒక చిన్న నాబ్ కూడా ఉంది చూడండి. దాన్ని అటెన్యువర్టర్ అంటారు. అది నడిమధ్యన ఉంటే వచ్చే కంట్రోల్ సున్నా. కుడికి తిప్పినకొద్దీ ప్రభావం పెరుగుతుంది, ఎడమకి తిప్పితే అదే తలకిందులుగా పనిచేస్తుంది. చాలా మాడ్యూళ్ళలో ఇది మొదట సున్నా మీదే ఉంటుంది. కేబుల్ పెట్టాక ఏమీ జరగకపోతే ముందు ఈ చిన్న నాబే చూడాలి. దాన్ని కాస్త కుడికి తిప్పి, పెద్ద నాబ్‌ని ఎడమ వైపుకి దించండి. వాసిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది ఒడ్డున నిలబడ్డప్పుడు వినిపించే హోరు మెల్లగా లేచి విరిగి వెనక్కి పోతుంది.

అలలన్నీ ఒకే కొలతలో రావడం మాత్రం అబద్ధంగా ఉంటుంది. ఇంకో ఎల్‌ఎఫ్‌ఓ తెచ్చి 0.07 పెట్టండి. వీసీఎఫ్‌కీ ఆడియోకీ మధ్య ఒక వీసీఏ పెట్టి, ఈ రెండో ఎల్‌ఎఫ్‌ఓ అవుట్‌ని దాని సీవీలో పెట్టండి. అప్పుడు సగం సేపు శబ్దం పూర్తిగా ఆగిపోతుంటే, ఎల్‌ఎఫ్‌ఓ మైనస్ 5 నుంచి ప్లస్ 5 వోల్టుల మధ్య ఊగుతోందన్నమాట, సున్నా కిందికి పోతే వీసీఏ మూసుకుపోతుంది. అలాంటప్పుడు ఎల్‌ఎఫ్‌ఓ మీద ఆఫ్‌సెట్ బటన్ నొక్కండి, ఊపు సున్నా నుంచి 10కి మారుతుంది. కళ్ళతో చూడాలంటే అదే అవుట్ నుంచి కంట్రోల్ నొక్కి ఇంకో కేబుల్ లాగి స్కోప్‌లో పెట్టండి, టైమ్ నాబ్ సర్దితే గీత పైకీ కిందికీ పోవడం కనిపిస్తుంది.

మూడోది: మిశ్రచాపులో మోహన

సీక్ 3 అనేది ఎనిమిది మెట్ల సీక్వెన్సర్. స్టెప్స్ నాబ్ 7 దగ్గర పెడితే తకిట తకధిమి సరిపోతుంది. అది పంపేది వోల్టేజ్. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి, స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కోటి పన్నెండో వంతు వోల్టు. మొదటి వరస నాబ్‌ల మీద రైట్ క్లిక్ చేస్తూ ఇవి టైప్ చేయండి: 0, 0.333, 0.583, తర్వాత 0.75, 1, 0.75, 0.583. స గ ప, ద స ద ప.

సీవీ 1 అవుట్‌ని కొత్త వీసీఓలో వోల్ట్ పర్ ఆక్టేవ్ ఇన్‌కి, ట్రిగ్ అవుట్‌ని ఏడీఎస్‌ఆర్ గేట్‌కి ఇవ్వండి. వీసీఓ ట్రయాంగిల్‌ని ఒక వీసీఏ గుండా పంపి, ఏడీఎస్‌ఆర్ ఎన్వలప్‌ని ఆ వీసీఏ సీవీలో పెట్టండి. వీసీఏ అవుట్‌ని మిక్సర్ నాలుగో ఇన్‌లోకి తెచ్చుకోండి. కొత్త వీసీఓ ఫ్రీక్వెన్సీ 261.62 ఉంచితే స శ్రుతిలో కలుస్తుంది. స్వరాలు రాకపోతే సీక్వెన్సర్లో రన్ దీపం, ఒక్కో మెట్టు కింద దీపం వెలుగుతున్నాయో లేదో చూడండి.

వింటే పొడిగా ఉంటుంది. గమకం లేని మోహన అంతే. సీవీ 1కీ వీసీఓకీ మధ్య, లైబ్రరీలో ఉచితంగా దొరికే బెఫాకో వాళ్ళ స్లూ లిమిటర్ పెడితే స్వరం నుంచి స్వరానికి జారు వస్తుంది. లైబ్రరీ నుంచి మొదట దించుకోదగ్గది అదే అని నా అభిప్రాయం.

ఆగిపోయినా, పగిలినా

శబ్దం ముక్కలవుతుంటే ఎఫ్3 నొక్కండి, ఏ మాడ్యూల్ ఎంత ప్రాసెసర్ తింటోందో దాని మీదే కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాపుల్లో చాలాసార్లు బరువు శబ్దానిది కాదు, బొమ్మలది. వ్యూ మెనూలో ఫ్రేమ్ రేటు తగ్గిస్తే ఫ్యాను గోల కూడా తగ్గుతుంది. అసలు శబ్దమే రాకపోతే ఆడియో దగ్గర మొదలుపెట్టి వెనక్కి, ఒక్కో పోర్టు మీద మౌస్ ఉంచుతూ రండి. వోల్టేజ్ ఎక్కడ కదలడం ఆగిందో తప్పు అక్కడుంది.

కరెంటు పోతే ఎలా అని బెంగపడక్కర్లేదు, ర్యాక్ తనంతట తానే మధ్యమధ్యలో దాచుకుంటుంది. అయినా పేరు పెట్టి కంట్రోల్ ఎస్ కొట్టడం మానకండి. ఆ ఫైల్‌లో ఉండేది శబ్దం కాదు, మాడ్యూళ్ళు, కేబుళ్ళు, నాబ్‌ల విలువలు. అందుకే సైజు చాలా చిన్నది. శబ్దమే కావాలంటే లైబ్రరీలో వీసీవీ వాళ్ళ రికార్డర్ మాడ్యూల్ ఉచితంగా ఉంది, దాంతో వేవ్ ఫైల్ తీసుకోవచ్చు. ప్యాచ్‌ని స్నేహితుడికి వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. మీరు లైబ్రరీ నుంచి వేరే మాడ్యూళ్ళు వాడి ఉంటే అవి అతని దగ్గరా ఉండాలి, లేకపోతే తెరిచేటప్పుడు ఏవి లేవో ర్యాక్ పేర్లతో చెబుతుంది. పైన కట్టిన మొదటి రెండు ప్యాచ్‌లకి ఆ బాధ లేదు, అన్నీ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చేవే.